పిల్లి ఉండాలి, పిల్లికూతలు వద్దు

మాది పర్లాకిమిడి. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్ళిన మర్నాడు, తడిసి ముద్దయిన పిల్లికూన ఒకటి వచ్చి ఆ మిషను కింద దూరింది. మగది. పేరు కూడా తిత్లీ అనే పెట్టాం. ఆరు నెలలు తిరిగేసరికి నాకు పొద్దున్న లేస్తూనే వరసగా పది పన్నెండు తుమ్ములు, కళ్ళు దురద. గుడ్డల నూగు పడటం లేదనుకున్నాను. మా అత్తమ్మ మాత్రం "నూగేటి, ఆ పిల్లి వెంట్రుకలే" అంది.

ఆవిడ చెప్పింది సగం నిజం. పిల్లి సరే, వెంట్రుక కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో ఒక ప్రోటీను తయారవుతుంది. డాక్టర్లు దాన్ని ఫెల్ డి 1 అంటారు. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఎండి, సన్నని పొడిగా రాలి గంటల తరబడి గాల్లో తేలుతుంది. అందుకని బొచ్చు తక్కువ పిల్లిని తెచ్చుకుంటే ఏమీ కాదనే మాట నమ్మకండి.

ముందు పరీక్ష చేయించుకోండి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. పది రోజులు పిల్లిని పాతపట్నంలో మా అమ్మ దగ్గర ఉంచాను. తుమ్ములు తగ్గలేదు. "చూశావా, పిల్లి కాదు" అని మా ఆయన ఇకిలించారు. ఆ పొడి ఇంట్లో నెలల తరబడి ఉంటుందని అప్పుడు మాకు తెలీదు. తర్వాత బరంపురంలో డాక్టరు, పడని వాటిలో ఒక్కోదానికి ఒక్కో మందు చుక్క చొప్పున ముంజేతి మీద వేసి సూదితో గుచ్చారు. పావుగంటలో పిల్లి చుక్క దగ్గర దద్దురు లేచింది. నల్లులకన్నా సన్నంగా, కంటికి కనపడకుండా దుమ్ములో ఉండే పురుగులున్నాయి చూడండి, ఆ చుక్క దగ్గరా లేచింది. తుమ్ములు, దురద తగ్గడానికి సెట్రిజిన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే దద్దురు లేవదు. పరీక్షకు ఎన్నాళ్ళ ముందు ఆపాలో డాక్టరునే అడగండి. సుమారు వారం అంటారు.

ఇక ఇల్లు. అన్నిటికన్నా పనిచేసింది పడకగది తలుపు. తిత్లీకి ఆ గదిలోకి ప్రవేశం లేదు, రాత్రీ పగలూ. మొదటి పదిహేను రోజులు తలుపు గీకింది, ఏడ్చింది, నేనూ ఏడ్చాను. దూది పరుపుకీ దిండ్లకీ నేనే జిప్పు గలీబులు కుట్టాను. గుడ్డ కొనేటప్పుడు ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడితే ఆ నేత పనికిరాదు. దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతకాలి.

పొడి చీపురు మానేయండి. ఊడ్చినకొద్దీ ఆ పొడి లేచి ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డతో తుడవండి, ఫ్యాను రెక్కలతో సహా. ఆ పని పిల్లి పడనివాళ్ళు కాకుండా ఇంకెవరైనా చేస్తే మేలు. మా ఇంట్లో అది ఆయన వాటా. ఇకిలించినందుకు శిక్ష అనుకోండి.

కుట్టుపనివాళ్ళకి ఒక మాట. గుడ్డ ఈ పొడిని బాగా పట్టేస్తుంది. తిత్లీ పడుకున్న కుప్పలోంచి ఒక పిన్నికి జాకెట్టు తీసిచ్చాను, ఆవిడ ఇంటికెళ్ళి తుమ్మలేక చచ్చింది. అప్పటి నుంచి జనం గుడ్డలన్నీ ఇనపపెట్టెలోనే.

పిల్లికి స్నానం చేయిస్తే తగ్గుతుందంటారు. తగ్గుతుంది గానీ రెండు మూడు రోజులే. ఆ గోళ్ళ గీతలకి అంత లాభం లేదు. మగపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మాత్రం ఆ ప్రోటీను తగ్గుతుంది. పశువుల డాక్టరు చేస్తారు. పిల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ చెయ్యి కంటి దగ్గరికి పోనివ్వకండి.

మందుల సంగతి డాక్టరు చూసుకుంటారు. నా అనుభవం ఇంతే: సెట్రిజిన్ పగలు వేసుకుని కునికాను, మిషను సూది వేల్లో దిగింది. ఇప్పుడు రాత్రే. ముక్కులో కొట్టుకునే స్ప్రే తుమ్ము వచ్చినప్పుడు కాదు, చెప్పినన్నాళ్ళూ రోజూ వాడితేనే గుణం తెలుస్తుంది. కొట్టేటప్పుడు మొన ముక్కు నడిమి గోడ వైపు కాకుండా బయటి వైపుకి ఉండాలి.

ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు మొదలైతే ఇవేవీ చూస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఉబ్బసం గట్టిగా ఉన్నవాళ్ళు పిల్లిని మంచి చోట అప్పగించడమే నయం. నాకు అంతవరకూ రాలేదు. ఎలర్జీకి ఇంజెక్షన్ల కోర్సు కూడా ఉందన్నారు, మూడేళ్ళు పైనే పడుతుందట. అన్నిసార్లు బరంపురం వెళ్తే పెళ్ళిళ్ళ సీజన్లో జాకెట్లు ఎవరు కుడతారు? ప్రస్తుతానికి తిత్లీ గడప అవతల, నేను ఇవతల.