నలుసు పడిన కంట్లో మెడికల్ షాపు చుక్కలు వేయకండి

కోతలు ఇంకా ముమ్మరం కాలేదు, అప్పుడే మొదటి కేసు వచ్చింది. పోయిన శనివారం మా కంటి కేంద్రానికి వచ్చినావిడ కొంగు ఎడమ కంటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. వెలుతురు చూడలేకపోతోంది. వడ్లు తూర్పార పడుతుంటే పొట్టు పడిందట, పదకొండు రోజులైందట. రంగు కాగితం ముక్క కంటికి తాకించి నీలి లైటు వేస్తే నల్లగుడ్డు మీద మిరియం గింజంత మేర పచ్చగా వెలిగింది. పైపొర లేచిపోయిన చోటే ఆ రంగు పట్టుకుంటుంది. లైటు మార్చి చూస్తే తెల్లటి మచ్చ, దాని అంచులు ఈకల్లా చెదిరి ఉన్నాయి. ఫంగస్ పుండు చాలావరకు అలాగే కనిపిస్తుంది.

"మరి ఇన్నాళ్లూ ఏం వేశావమ్మా?" అని అడిగితే సంచిలోంచి చుక్కల సీసా తీసింది. దాదాపు ఖాళీ. పేరు చదవగానే నాకు నోట మాట రాలేదు. స్టెరాయిడ్.

నేను డాక్టరును కాను, పదిహేనేళ్లుగా కళ్లు పరీక్షిస్తున్న టెక్నీషియన్‌ని. ఫోను తక్కువ చూడండి, ఆకుకూరలు తినండి వంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. కోతల కాలంలో కళ్లు పోగొట్టుకున్నవారిలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒకటే. నలుసు పడుతుంది, కన్ను ఎర్రబడుతుంది, షాపుకు వెళ్లి "కంటి చుక్కలు ఇవ్వండి" అంటారు. తప్పంతా అక్కడ మొదలవుతుంది.

షాపువాళ్లు ఇచ్చేవి స్టెరాయిడ్ చుక్కలైతే, అవి పనిచేయవని కాదు. పనిచేసినట్టు కనిపిస్తాయి, అదే ప్రమాదం. వేసిన మర్నాటికి ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది. కానీ ఆ ఎరుపు ఒంట్లోని రక్షణ పుండుతో పోరాడుతున్న గుర్తు. స్టెరాయిడ్ దాన్ని అణచేస్తుంది. కంచె పీకేసి చేలోకి పశువులను తోలినట్టే, ఫంగస్ అడ్డు లేకుండా లోపలికి దిగుతుంది. వరి ఆకు, పొట్టు, మట్టి వెంట వచ్చే ఫంగస్ నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి మొదటి నాలుగు రోజులు పెద్దగా బాధ కూడా ఉండకపోవచ్చు. బాధ తెలిసే నాటికి నల్లగుడ్డు మీద పువ్వు వేసి ఉంటుంది.

పనికి వెళ్లే ముందు: పక్కలు కూడా మూసి ఉండే తెల్లద్దాల కళ్లజోడు పెట్టుకోండి. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. చెమటకు మసక పడుతుందని తీసేస్తారు, తుడుచుకోవడానికి పొడి గుడ్డ జేబులో ఉంచుకోండి. తూర్పార పట్టేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి. రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో బండి నడిపేవారికీ ఈ కళ్లజోడు అవసరమే. హెల్మెట్ అద్దం పైకెత్తి వెళ్లేవాళ్లను మా కేంద్రంలో ఏటా చూస్తూనే ఉన్నాను.

నలుసు పడ్డాక: నలపవద్దు. శుభ్రమైన నీళ్లతో కడగండి. పోకపోతే, లేదా పోయాక కూడా గరగరలాడుతుంటే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆ రోజే అని ఎందుకంటున్నానంటే, నేపాల్‌లోని భక్తపూర్‌లో కంటికి గీత పడినవారికి గ్రామ కార్యకర్తలే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వేశారు. 18 గంటల లోపు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు కాలేదు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దీన్ని చదివి ఆయింట్‌మెంట్ కోసం మళ్లీ షాపుకే పరుగెత్తకండి, నేను చెబుతున్నది తొందర గురించి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను, కొన్నింటికి కారణం కూడా చెప్పను.

నాలుకతో నలుసు తీసే పెద్దమ్మ ప్రతి ఊళ్లో ఒకరుంటారు. ఆమె దగ్గరకు వెళ్లకండి.

చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం, ఏదీ వద్దు.

కొంగు మెలిపెట్టి కన్ను తుడవద్దు. అగ్గిపుల్ల, సూది అసలే వద్దు.

కంటికి దూది పెట్టి కట్టు కట్టకండి. లోపల వెచ్చగా ఉంటే పుండు ఇంకా పెరుగుతుంది.

సున్నం, ఎరువు, పురుగుమందు పడితే డాక్టరు కోసం వెతకడం తర్వాత. ముందు అక్కడే కనీసం పావుగంట నీళ్లు ధారగా పోస్తూ ఉండండి.

సీసా మీద పేరు చదివించుకోండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, అంటే చివర "సోన్", "లోన్" వస్తే స్టెరాయిడ్ అనుకోండి. యాంటీబయాటిక్ పేరు పక్కన "డి" అని తగిలించినవీ చాలావరకు అవే.

శుక్లం ఆపరేషన్ అయ్యాక డాక్టరు రాసిన స్టెరాయిడ్ వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపకండి. ఆ సీసా మిగిలితే మాత్రం ఇంకొకరి కంట్లో వేయకండి.

పిల్లల కళ్లు దురద పెడుతున్నాయని అవే చుక్కలు నెలల తరబడి వేయకండి. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, పోయిన చూపు తిరిగి రాదు.

ఫంగస్ అని తేలితే ఇచ్చే మందు పాలలా తెల్లగా ఉంటుంది. సీసా బాగా ఊపి వేయండి. మొదట్లో గంట గంటకూ వేయమంటారు, వారాలు పడుతుంది. కాస్త తగ్గిందని మానేయకండి.

మళ్లీ చెబుతున్నాను: నలుసు పడిన కంటికి షాపు చుక్కలు వద్దు. ఎరుపు తగ్గినా వద్దు. పక్కింటాయనకు నయమైందన్నా వద్దు.

ఇంట్లో మూత తీసి నెల దాటిన చుక్కల సీసా ఉంటే కోతలకు వెళ్లేలోపు పారేయండి.