సరఫరా లెక్కలు – 4వ పాఠం: దారి మూసుకునేలోపు

పోయిన పాఠంలో డిపోలో సరుకు నిల్వ పెట్టడం, పాతదాన్ని ముందు వాడటం చూశాం. ఈసారి ఆ సరుకు కొండ మీదున్న జవాను దాకా చేరే లెక్క. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఇది రాదు, ఒక్కసారైనా చేత్తో వేసి చూడాలి.

మన ఇళ్ళల్లో వానాకాలం రాకముందే ఏడాది సామాను సర్దేసేవాళ్ళు గుర్తుందా, చింతపండు గింజ తీసి జాడీకెత్తడం, మిరపకాయలు ఎండబెట్టడం, వంటచెరకు తడవకుండా చూరు కిందికి చేర్చడం. లడఖ్‌లో సైన్యం ప్రతి ఏటా చేసేదీ అదే పని, వింటర్ స్టాకింగ్ అంటారు. లేహ్‌కి రోడ్డు మీద వెళ్ళాలంటే పాత దారులు రెండు. శ్రీనగర్ నుంచి జోజి లా (లా అంటే కొండ కనుమ), ద్రాస్, కార్గిల్ మీదుగా 434 కిలోమీటర్లు ఒకటి, మనాలి నుంచి బారాలాచా లా, తంగ్‌లాంగ్ లా దాటుకుంటూ వెళ్ళేది రెండోది. 11,575 అడుగుల ఎత్తున్న జోజి లా ఒకప్పుడు చలికాలమంతా, అంటే ఐదారు నెలలు మూతపడేది. బోర్డర్ రోడ్స్ వాళ్ళు రాత్రనక పగలనక మంచు తవ్వి ఆ గడువు తగ్గించుకుంటూ వచ్చారు, 2025లో 32 రోజులకే తెరిచారు. అయినా లెక్క వేసేవాడు మంచి ఏడాదిని నమ్ముకోకూడదు. పైగా రోడ్డు తెరిచినంత మాత్రాన సియాచిన్ పోస్టుకి సరుకు చేరదు. లేహ్ నుంచి 17 వేల అడుగుల పైనున్న ఖర్దుంగ్ లా దాటి నుబ్రా లోయలోకి దిగాలి, అక్కడి బేస్ క్యాంప్ నుంచి పైకి హిమానీనదమే.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే, లెక్క ఎప్పుడూ చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. డిపోలో ఎంత ఉందో, ఎన్ని లారీలున్నాయో ముందు చూస్తే అవి సరిపోతాయన్నట్టే మనసు లెక్క కట్టేస్తుంది.

పదిమంది ఉన్న పోస్టు అనుకుందాం, 180 రోజులకి సరుకు కావాలి. ప్యాకింగుతో కలిపి మనిషికి రోజుకు 2 కిలోల తిండి పెట్టుకుంటే 3,600 కిలోలు. ఇక్కడిదాకా ఎవరైనా వేస్తారు. నీళ్ళ దగ్గరే కొత్తవాళ్ళు తప్పు చేస్తారు, చుట్టూ మంచే కదా నీళ్ళకేం కొదవ అనుకుని.

మైనస్ 20 డిగ్రీల మంచు కిలో తీసుకోండి. దాన్ని సున్నా దాకా తేవడానికి సుమారు 42 కిలోజౌళ్ళు, కరిగించడానికి 334, ఆ నీళ్ళని మరిగించడానికి ఇంకో 350. మొత్తం 725 అనుకోండి. పంపు స్టవ్వు వేడిలో మూడో వంతే గిన్నెకి అందుతుందనుకోండి, మిగతాది గాలికి పోతుంది, కాబట్టి మూడింతలు కావాలి. లీటరు కిరసనాయిలులో దాదాపు 35 వేల కిలోజౌళ్ళు ఉంటాయి. భాగించి చూడండి, లీటరు నీళ్ళకి 60 మిల్లీలీటర్ల పైనే కిరసనాయిలు పడుతుంది. మనిషికి రోజుకి 5 లీటర్లంటే పదిమందికి 3 లీటర్లు, 180 రోజులకి 540 లీటర్లు, ఇది ఒక్క నీళ్ళకే. ఆ ఎత్తులో నీళ్ళు 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపు ఉంచినా పలుకు పోదు. వంటకీ, వెచ్చగా ఉంచే బుఖారీకీ కలిపి రోజుకి ఇంకో 7 లీటర్లు వేసుకోండి. మొత్తం 1,800 లీటర్లు, బరువు 1,440 కిలోలు. అది 20 లీటర్ల జెర్రీకాన్లలో వెళ్తుంది, 90 డబ్బాలు, ఖాళీ డబ్బానే 4 కిలోలనుకుంటే ఇంకో 360. తిండి, నూనె (అంటే కిరసనాయిలే), డబ్బాలు కలిపితే 5,400 కిలోలు. ఇందులో మందులు లేవు, బట్టలు లేవు, తూటా ఒక్కటీ లేదు.

ఇప్పుడు దీన్ని ఎక్కించాలి. బాగా ఎత్తున్న పోస్టులకి చీతా హెలికాప్టరే దిక్కు, గాలి పలుచన కాబట్టి అక్కడ అది మోసేది 20, 30 కిలోలే. 25 అనుకుంటే 216 ట్రిప్పులు, పదిమంది కోసం. వాతావరణం బాగున్న రోజులే లెక్కలోకి వస్తాయి, ఒక్కోసారి వరసగా కొన్ని రోజులు ఎగరడమే కుదరదు. అందుకే సరుకుని పెద్ద హెలికాప్టర్ ఎమ్‌ఐ-17తో, పోర్టర్లతో, మంచు స్కూటర్లతో కింది పోస్టులకి దఫదఫాలుగా చేర్చి, చివరి మెట్టుకి మాత్రమే చీతాని దాచుకుంటారు. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సియాచిన్ ఎక్కిన ఆపరేషన్ మేఘదూత్ మొదలైన దగ్గర్నుంచి అక్కడ జరుగుతున్నది ఈ మెట్ల లెక్కే.

కింద రోడ్డు లెక్క తేలిక. రోడ్డు 150 రోజులు తెరిచి ఉందనుకోండి, లారీ వెళ్ళి దించి రావడానికి పది రోజులు, అంటే 15 ట్రిప్పులు. కొండచరియలకీ రిపేర్లకీ ఐదో వంతు తీసేస్తే 12. కొండ దారిలో స్టాలియన్ లారీకి 5 టన్నులు, సీజన్ మొత్తం మీద ఒక లారీ ఇచ్చేది 60 టన్నులు. డ్రైవర్ని కూడా లెక్కలో పెట్టండి. మైదానం నుంచి విమానంలో లేహ్‌కి దిగిన మనిషి ఆరు రోజులు ఎత్తుకి అలవాటు పడితే గానీ పనిలోకి రాకూడదు, ఇంకా పైకి పోవాలంటే మళ్ళీ నాలుగేసి రోజులు ఆగాలి. లారీ ఉండీ డ్రైవర్ లేని రోజు కూడా పోయిన రోజే.

యుద్ధం వస్తే తిండి లెక్క పెద్దగా మారదు, మనిషి తినేది అంతే. మారేది మందుగుండు. బోఫోర్స్ ఫిరంగి 155 ఎమ్ఎమ్ గుండు ఒక్కటి సుమారు 43 కిలోలు. ఒక గన్ను రోజుకి వంద గుళ్ళు కాలిస్తే గుళ్ళే 4.3 టన్నులు, గుండుని తోసే మందు ఛార్జీలూ ప్యాకింగూ వేస్తే గన్నుకి రోజుకొక లారీ చాలదు. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గరి తోలోలింగ్ కొండ మీద కూర్చున్న శత్రువు శ్రీనగర్-లేహ్ రోడ్డు మీదికి గుళ్ళు వేయించడంలో అర్థం ఇదే, రోడ్డు తెగితే పైన ఎంత ధైర్యవంతుడున్నా ఒట్టి చేతులే. 1962 చైనా యుద్ధంలో, ఈశాన్య సరిహద్దులోని నామ్కా చు వాగు దగ్గర మనవాళ్ళకి అదే జరిగింది. రోడ్డు లేదు, సాంగ్‌ధర్ దగ్గర విమానాల నుంచి జారవిడిచిన మూటల్లో చాలావరకు లోయల్లో పడిపోయాయి, ఆ ఎత్తులో నూలు బట్టలతో, తలా 50 తూటాలతో నిలబడి పోరాడారు వాళ్ళు. ఈ పాఠాలు రాయడం మొదలుపెట్టింది వాళ్ళని తలుచుకునే.

ఇంకొక్క సంగతి, ఇది నేను కళ్ళారా చూసింది. లేహ్ దగ్గర సప్లై డిపోలో పనిచేసిన ఒక చలికాలంలో, జనవరిలో ఒక పోస్టు నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చింది, కిరసనాయిలు నిండుగా ఉంది, స్టవ్వు వెలగట్లేదని. నాజిల్లో మసి పట్టింది, పొడవడానికి పిన్ను లేదు. రేకు పట్టీకి సన్న తీగ బిగించిన పిన్ను, మన ఇళ్ళల్లో అమ్మమ్మలు స్టవ్వు పక్కనే మేకుకి తగిలించేవాళ్ళు, అదే. ఉన్న మూడూ విరిగాయి. నూనె ఒక ఇండెంట్లో (సరుకు కావాలని పంపే కాగితం) రాశారు, స్టవ్వు సామాను ఇంకో ఇండెంట్లో, రెండూ విడివిడిగా సరిగ్గానే కనిపించాయి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. వాళ్ళు టెలిఫోన్ తీగ విప్పి ఒక్కో పోగూ తీసి నాజిల్ పొడుచుకుంటూ నాలుగు రోజులు గడిపారు, ఐదో రోజు హెలికాప్టర్ వెళ్ళింది, పిన్నులున్న కవరు నా అరచేతిలో పట్టింది.

అప్పటి నుంచి నేను రెండు జాబితాలు రాస్తాను. మొదటిది బరువు ప్రకారం, దీన్ని చూసి లారీలు అడుగుతాం. రెండోది, ఏది లేకపోతే ఏది ఆగిపోతుందో రాసేది, పిన్ను, కుక్కర్ వాషరు, అగ్గిపెట్టె, రేడియో బ్యాటరీ, స్నో గాగుల్స్. సైన్యంలో ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) తిండీ నూనే చూస్తుంది, ఏఓసీ (ఆర్మీ ఆర్డనెన్స్ కోర్) బట్టలూ మందుగుండూ విడిభాగాలూ, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) రిపేర్లూ. సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు తిరిగేవాళ్ళకి ఆ చివరి రెండింటి బోర్డులు బాగా తెలుసు. శాఖలు వేరైనా రెండో జాబితా మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి.

ఇక మీ వంతు. 14 మంది, 210 రోజులు, మనిషికి 6 లీటర్ల నీళ్ళు, మిగతా లెక్క పైదే. నూనె ఎన్ని లీటర్లు, ఎన్ని డబ్బాలు, మొత్తం ఎన్ని కిలోలు, 25 కిలోల చొప్పున ఎన్ని ట్రిప్పులు? వంటా బుఖారీకి రోజుకి 7 లీటర్లే ఉంచాలా, పెంచాలా అన్నది మీరే తేల్చి, ఎందుకో ఒక వాక్యం రాయండి. ఆ కిందే స్టవ్వు పిన్నులు ఎన్ని పంపుతారో కూడా రాయండి.