మనసులో మాటను వచ్చింది వచ్చినట్టే పట్టుకోవడం

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ల మనసు ఒక్క భాషలో నడవదు. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో ఒడియా, ఫోనులో హిందీ. లోపల "మో ద్వారా హెబని", అంటే నావల్ల అవదని, పొద్దున్నించీ ఒక మాట తిరుగుతూనే ఉంటుంది. ఏమైందని ఎవరైనా అడిగితే "ఏం లేదు, కాస్త టెన్షన్‌గా ఉంది" అని ఊరుకుంటాం. అసలు మాట అక్కడే జారిపోతుంది. మన ఆలోచనలు మనకు తెలియాలంటే వాటిని వచ్చిన భాషలో, వచ్చిన మాటల్లోనే పట్టుకోవాలి. శుభ్రమైన తెలుగులోకి మార్చి రాస్తే అందులో ఉన్న కారం పోతుంది.

కావలసినవి జేబులో పట్టే చిన్న నోట్‌బుక్కు, పెన్ను, అలారం ఉన్న ఫోను. ఒడియా మీడియంలో చదివి తెలుగు రాయడం రానివాళ్లు ఒడియా అక్షరాల్లోనే రాసుకోవచ్చు. అదీ ఇబ్బందైతే పది సెకన్ల వాయిస్ రికార్డింగు చాలు.

మొదటి వారం: అలారం

రోజుకు ఆరు అలారాలు పెట్టండి. 9:00, 11:00 లాంటివి వద్దు. 9:17, 10:52, 1:08 ఇలా అడ్డదిడ్డంగా ఉండాలి, రోజూ మారాలి. ఎప్పుడు మోగుతుందో తెలిస్తే మనసు ముందే సర్దుకుని కూర్చుంటుంది. అందుకే ఇంట్లో వేరేవాళ్ల చేత పెట్టించుకోవడం ఇంకా మంచిది. మెసేజ్ వచ్చినప్పుడు మోగే శబ్దం మాత్రం పెట్టకండి, చెయ్యి తిన్నగా వాట్సాప్ మీదికి పోతుంది.

మోగగానే ఒక్కటే ప్రశ్న వేసుకోండి: సరిగ్గా మోగే ముందు లోపల ఏముంది? అరనిమిషంలోపు రాసేయండి. ఆలస్యమైతే ఆలోచన మరుగై, దాని గురించి మనం అల్లుకున్న కథ మిగులుతుంది. రస్సెల్ హర్ల్‌బర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి ఉన్నట్టుండి మోగే బీపర్ అనే చిన్న పరికరం ఇచ్చి మనుషుల చేత ఈ పనే చేయిస్తూ వచ్చారు. లోపల ఉండేవి మాటలే కానక్కర్లేదని ఆయన పరిశోధన చూపింది. బొమ్మలు ఉంటాయి, ఒంటి మీద వేడీ చల్లా ఉంటాయి, మాటా బొమ్మా లేకుండానే ఒక విషయం తెలుస్తూ ఉండడమూ ఉంటుంది. కాబట్టి "అమ్మ మొహం కనబడింది" అన్నది కూడా సరైన జవాబే.

నౌపడ-గుణుపురం రైల్లో రోజూ తిరిగేవాళ్లకు ఇంకో దారి ఉంది. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, ఇలా బండి ఆగిన ప్రతిచోటా లోపల ఉన్నది ఒక ముక్క రాయండి. స్టేషను వస్తోందని ముందే తెలుస్తుంది కాబట్టి అలారమంత నిక్కచ్చిగా ఉండదు, కానీ అలవాటు పడడానికి సులువు.

మొదట్లో అందరూ చేసే పొరపాటు ఆలోచనకు బదులు దాని శీర్షిక రాయడం. "డబ్బు గురించి" అని రాస్తే ఏమీ దొరకదు. "ఈ నెలా బావ దగ్గర చెయ్యి చాపాలి", ఇదీ ఆలోచన. రెండోది, ప్రశ్నను ప్రశ్నగానే వదిలేయడం. "రిజల్టు ఏమవుద్దో" అని రాసుంటే, దాని కింద "పోయినట్టే" అని ఇంకో మాట దాగి ఉందేమో చూడండి. ఉంటే రెండూ రాయండి, లేకపోతే లేనిది కల్పించకండి. మూడోది, అలారం మోగగానే అంతా ఖాళీ అయిపోవడం. మొదటి రెండు మూడు రోజులు ఇది మామూలే. "ఖాళీ" అనే రాసి ముందుకు పోండి.

ఎంతసేపూ చేస్తున్న పని మీద కాకుండా ఇంకెక్కడో ఉంటున్నామని కంగారు పడేవాళ్లుంటారు. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు ఫోను ద్వారా 2,250 మందిని ఎప్పుడంటే అప్పుడు అడిగితే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేతిలో పని మీద లేదు. మనసు తిరగడం లోపం కాదు. ఎటు తిరుగుతోందో తెలుసుకోవడానికే ఈ నోట్‌బుక్కు.

రెండో వారం: మనసు తిరగబడిన చోట

ఇప్పుడు అలారాలు రెండుకు తగ్గించండి. వాటి బదులు ఒంటిని గంటగా పెట్టుకోండి: దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, పొట్టలో తిప్పినట్టవడం. అలా అయినప్పుడు పేజీని మూడు గళ్లు చేసి రాయండి. ఏం జరిగింది, మనసులో ఏ మాట వచ్చింది, ఏమనిపించింది, అది సున్నా నుంచి 100లో ఎంత. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు మొదలుపెట్టిన, ఆలోచనలను పట్టి చూసే చికిత్సలో ఇలాంటి పట్టికే వాడతారు.

ఉదాహరణకు, ఆఫీసులో గుమాస్తా ఫారం వెనక్కి ఇచ్చేశాడనుకోండి. మొదటి గడిలో చాలామంది "నన్ను చిన్నచూపు చూశాడు" అని రాస్తారు. వీడియో తీస్తే అందులో కనబడేది మాత్రమే ఆ గడిలో ఉండాలి: "ఫారం తిప్పి ఇచ్చాడు. మూడో లైను మీద వేలు పెట్టి చూపించాడు. నవ్వాడు." రెండో గడిలో: "నా ఒడియా విని నవ్వాడు, ఈ తెలుగోళ్లింతే అనుకున్నాడు." మూడో గడిలో: "సిగ్గు 80, కోపం 50." నవ్వు మొదటి గడిది, ఎందుకు నవ్వాడన్నది రెండో గడిది. ఈ గీత గీయడం చేతనైతే పని సగం అయినట్టే. ఆ మాట నిజమా అబద్ధమా అని ఈ వారం తేల్చకండి. తీర్పు చెప్పడం మొదలుపెడితే, మర్నాటి నుంచి మనసు మంచి మాటలే ఏరి చూపిస్తుంది.

వచ్చిన మాటను తొక్కిపెట్టకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెల్ల ఎలుగుబంటి గురించి అనుకోవద్దని చెప్పి చేసిన ప్రయోగంలో, వద్దన్నకొద్దీ అదే మళ్లీ మళ్లీ వచ్చింది. తోసేయడానికి బదులు చివర "అనే ఆలోచన వచ్చింది" అని తగిలించండి. "నావల్ల అవదు అనే ఆలోచన వచ్చింది." మాట అదే, దాని బరువు కాస్త తగ్గుతుంది.

గమనించడానికీ తవ్వుకోవడానికీ తేడా ఉంది. ఒకే మాట చుట్టూ పదిహేను నిమిషాలు తిరిగి, కొత్త వాక్యం ఒక్కటీ రాలేదంటే అది తవ్వుకోవడం. పుస్తకం మూసి, నీళ్లు పట్టడమో, బజారుకు పోవడమో చెయ్యండి. కళ్లు మూసుకుని కూర్చుంటే పాత భయాలు మీదపడేవాళ్లు కళ్లు తెరిచే ఉంచి చెయ్యాలి.

ఉమ్మడి ఇంట్లో పుస్తకం ఎవరి చేతిలోనైనా పడుతుంది. ఆ భయం ఉన్నన్నాళ్లూ నిజం రాయలేరు. అందుకని మనుషుల పేర్లకు బదులు గుర్తులు వాడండి. రెండో వారం చివర మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మూడు మాత్రం వేరే కాగితం మీద ఎక్కించుకుని, మిగతాది చింపేయండి.

రాస్తుంటే బతకాలని లేదన్న మాట కనబడినా, ఎవరూ లేనిచోట గొంతులు వినబడుతున్నా ఈ అభ్యాసం అక్కడితో ఆపండి. ఇంట్లో నమ్మకమైనవాళ్లకు చెప్పి, మానసిక ఇబ్బందుల్లో సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, ఒడిశాలో ఉన్నా తెలుగు ఎంచుకుని మాట్లాడవచ్చు.