వాడిన స్టీలు పాత్రలో దించిన పూలనీళ్ళు వాసనేస్తున్నాయా? సమస్య – పరిష్కారం

"పాత్ర అద్దంలా మెరుస్తోంది, ఒకటికి రెండుసార్లు తోమాం, అయినా దించిన నీళ్ళకు ఏదో పాచి వాసన." ఈ మాట వినగానే నేను అడిగేది ఒకటే. ఉత్త నీళ్ళు పోసి దించి, అంటే ఆవిరి చేసి గొట్టంలో చల్లార్చి పట్టి, చూశారా? దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు, లేదనే. పాత్ర తెచ్చారు, తోమారు, నేరుగా గులాబి రేకులో నిమ్మగడ్డో వేసి పొయ్యి వెలిగించారు. ఇప్పుడు రేకుల వాసన, పాత్ర వాసన, రబ్బరు వాసన, గొట్టం వాసన అన్నీ ఒకే సీసాలో ఉన్నాయి. తప్పు దేనిదో ఎవరు చెప్పగలరు?

మొదటే ఒక మాట. ఇది పూలనీళ్ళు, ఆకుల నూనెలు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ దించుకునేవాళ్ళ కోసం. ఇంట్లో సారా కాయడం చాలాచోట్ల నేరం, ఆ సంగతి ఇందులో లేదు. ఇంకోటి: మీరు కొన్న పాత్రలో ఇదివరకు పురుగుమందో, రంగో, పేరు తెలియని రసాయనమో ఉండేదని అనుమానం ఉంటే దాన్ని శుభ్రం చేసే ప్రయత్నమే పెట్టుకోకండి. పాతసామానులో వేసేయండి.

ముందు ఉత్త నీళ్ళ పరీక్ష

పాత్రలో మూడో వంతు నీళ్ళు పోయండి. మూత బిగించి, గొట్టాలన్నీ తగిలించి, రోజూ ఎలా దించుతారో అచ్చం అలాగే దించండి. చివరి గొట్టం మూతి తెరిచి ఉందో లేదో ఊది చూసుకోండి. లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి, దారి మూసుకుపోతే పాత్ర బాంబే.

దిగిన నీళ్ళను మూడు గాజు గ్లాసుల్లో వరసగా పట్టండి. వేడి మీద వాసన చూడొద్దు, అన్నీ చల్లారనివ్వండి. పాత్రలో పోసిన అవే నీళ్ళు కొంచెం నాలుగో గ్లాసులో పోసి, పోల్చి చూడటానికి పక్కన పెట్టుకోండి. గ్లాసుల మీద చిన్న ప్లేట్లు బోర్లించి పది నిమిషాలాగి, తీసీ తీయగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి వాసన కూడా దొరుకుతుంది.

మొదటి గ్లాసులో వాసన ఉండి మూడోదానికి పోయిందంటే గొట్టంలోనో మూతలోనో మిగిలిన సబ్బు, దుమ్ము లాంటిది. ఇంకోసారి ఉత్త నీళ్ళు దించితే సరి. మూడింటిలోనూ ఒకేలా ఉంటే, లేదా మూడోదానికి ఇంకా పెరిగితే, లోపల ఏదో అంటుకుని ఉండి వేడికి విడుస్తూనే ఉందన్నమాట. మూడింటిలోనూ వాసన లేకపోతే పాత్ర జోలికి వెళ్ళకండి, లోపం మీరు వేసిన సరుకులోనో మంటలోనో ఉంది.

లోపల ఏది అంటుకుందో తేల్చడానికి ఇంకో చిన్న పని. మూత లేకుండా పాత్రలో నీళ్ళు మరిగించి, పొయ్యి ఆర్పి, ఆవిరిని చేత్తో ముక్కు వైపు తోసి చూడండి. మూతలోని రబ్బరు రింగు తీసి, వేడినీళ్ళ గ్లాసులో వేసి, ప్లేటు బోర్లించండి. కంపు ఎందులో వస్తే దొంగ అదే.

పాత పాల వాసన, ముక్కిన కొవ్వు వాసన. పాత్ర చూడ్డానికి మాత్రం శుభ్రంగా ఉంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. వాడిన పాల క్యాన్లు, పాలు కాచిన పెద్ద గిన్నెలు, టీ కాచిన డ్రమ్ములు కొన్నవాళ్ళు ముందు ఇక్కడే చూడాలి.

స్టీలు వాసన పీల్చుకోదు. దాని మీద అంటుకున్నది పీల్చుకుంటుంది. పాలు వేడెక్కినప్పుడల్లా అందులోని కాల్షియం ఫాస్ఫేట్, ప్రొటీను, కొవ్వు కలిసి గోడకు సన్నటి పొరగా పడతాయి. కడిగే నీళ్ళు ఉప్పునీళ్ళయితే ఆ సున్నం కూడా తోడవుతుంది. ఏళ్ళ తరబడి ఇలా పడితే గార కడుతుంది. చిక్కెక్కడంటే, తడిగా ఉన్నప్పుడు ఈ గార కనబడదు. కడిగి, తడిమీదే చూసి, మెరిసింది కదా అని సంతృప్తి పడతాం. అది మెరిసేది పైనున్న నీళ్ళ వల్ల.

కాబట్టి పాత్రను పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెట్టినా సరే, గుడ్డతో తుడిచి గంటసేపు వదిలేసినా సరే. తర్వాత ఫోను టార్చి వేసి, వెలుతురు గోడ పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. శుభ్రమైన స్టీలు చల్లగా, నిగనిగా కనబడుతుంది. గార ఉన్నచోట పసుపు కలిసిన తెలుపుతో మసక, దాని మధ్యలో పాలు నిలిచిన మట్టాల గీతలు ఒకదాని మీద ఒకటి. గోరుతో గీస్తే గోటి కింద మెత్తటి తెల్లపొడి వస్తుంది. అందరూ చూసేది అడుగు. చూడాల్సింది క్యాను మెడ కింద భాగం, భుజం లోపలి వంపు, అతుకు వెంబడి, కుళాయి ఉంటే దాని వెనక. చెయ్యి లోపలికి పెట్టి తోమేటప్పుడు మెడ కింది భాగానికి పీచు తగలనే తగలదు. డిస్టిలేషన్లో ఆవిరి మొదట తగిలేది, చల్లబడి నీరై కారేది సరిగ్గా అక్కడే. గంటల తరబడి ఆవిరి ఆ గారను ఉడికిస్తుంటే, కొవ్వు ముక్కిపోగా పుట్టిన వాసనంతా ఆవిరితో పాటు మీ సీసాలోకి వస్తుంది. అదే పాత్రలో కూర వండితే మీకు తెలిసేది కాదు, మసాలా కప్పేసేది.

అనుమానం ఉంటే మసక మీద నిమ్మ ఉప్పు నీళ్ళు, అంటే సిట్రిక్ యాసిడ్ కలిపినవి, ఒక చుక్క వేసి ఐదు నిమిషాలాగి తుడవండి. చుక్క పడ్డచోట గుండ్రంగా తళుక్కుమంటే ఖనిజపు గారే. నీళ్ళు పోసి వంచినప్పుడు ఒకే రేకులా జారకుండా ముత్యాల్లా విడిపోతే పైన కొవ్వు కూడా ఉన్నట్టు.

ఇప్పుడు వదిలించడం. ముందు క్షారం, తర్వాత ఆమ్లం. ఈ వరస తప్పడం వల్లే సగం పాత్రలు బాగుపడకుండా మూలన పడతాయి. చాలామంది నేరుగా వెనిగరో నిమ్మరసమో పోస్తారు. గార పైన కొవ్వు, ప్రొటీను పొర ఉంటుంది, ఆమ్లం దాన్ని దాటి లోపలికి పోదు, పైగా ప్రొటీనును ఇంకా బిగుసుకునేలా చేస్తుంది. ఇంకొందరు సోడా ఒక్కటే వాడతారు. కొవ్వు పోతుంది, ఖనిజం అలాగే ఉంటుంది, వారంలో కంపు మళ్ళీ మొదలు.

లీటరు వేడినీళ్ళకు 30 గ్రాముల చాకలి సోడా. వంట సోడా కాదు, అది దీని ముందు చాలా బలహీనం. చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి, 70–80 డిగ్రీలు చాలు, మరిగించనక్కర్లేదు. పాత్ర మెడ దాకా నింపి అరగంట ఉంచండి. అంత పెద్ద పాత్ర నింపలేకపోతే పాత నూలుగుడ్డ ముక్కలు ద్రావణంలో ముంచి మెడ లోపల, భుజం వంపులో అంటించి, ఆరిపోకుండా మధ్యమధ్యలో తడుపుతూ ఉండండి. తర్వాత నైలాను బ్రష్షుతో రుద్ది, వేళ్ళకు జారుడు పోయేదాకా కడగండి. పిడికి అల్యూమినియం రివెట్లు ఉన్నా, మూత అల్యూమినియందైనా సోడా తగలనివ్వకండి. బుడగలొచ్చి అది నల్లబడిపోతుంది.

ఆపైన లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు, 60 డిగ్రీల వేడి, అరగంట. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అదే టార్చి. ఇంకా మసక ఉంటే రెండు పనులూ మళ్ళీ అదే వరసలో చేయండి. మందంగా పట్టిన గార పొరలు పొరలుగా ఉంటుంది, ఆమ్లం ఒక పొర తీశాక కింద ఇంకో కొవ్వు పొర బయటపడుతుంది. రెండు మూడు విడతలు పట్టడం మామూలే, దానికి కంగారుపడి ద్రావణం చిక్కబెట్టకండి.

ఓపిక నశించి బ్లీచింగ్ పౌడరు వేసేవాళ్ళున్నారు. క్లోరిన్ స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది. పైగా అది ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు అది విషం. బాత్రూం కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడే, అదీ స్టీలును అలాగే తింటుంది కాబట్టి వద్దు. ఇనప పీచుతో రుద్దితే దాని రజను గోడలో ఇరుక్కుని, నాలుగు రోజులకు తుప్పు చుక్కలై లేస్తుంది.

అన్నీ అయ్యాక ఉత్త నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయాలి. చేయకుండా పూలు వేసి మళ్ళీ వాసన వచ్చిందంటే నా దగ్గర జవాబు లేదు.

రబ్బరు వాసన, పాత కూర వాసన

గాస్కెట్, అంటే మూతలోని రబ్బరు రింగు. రబ్బరు నూనెల్ని, వాసనల్ని లోపలికంటా పీల్చుకుంటుంది, ఎంత మరిగించినా పూర్తిగా విడవదు. దాన్ని బాగుచేసే పని పెట్టుకోకండి, కొత్తది వేయండి. సిలికాను రింగు పూలనీళ్ళకు పనికొస్తుంది, కానీ నారింజ, నిమ్మ తొక్కల నూనె దించేవాళ్ళ దగ్గర అది ఉబ్బి వదులైపోతుంది. వాళ్ళకు టెఫ్లాన్ మేలు. ఏదీ దొరకకపోతే గోధుమపిండి ముద్ద మూత చుట్టూ పెట్టి మూయండి, ప్రతిసారీ కొత్తగా కలుపుకోవాలి అంతే. రింగు తీశాక ఆ గాడిలో పుల్లకు గుడ్డ చుట్టి తిప్పి చూడండి. నల్లటి జిడ్డు వచ్చిందా? రింగు మార్చి గాడి వదిలేస్తే కొత్త రింగు కూడా అదే కంపు పట్టుకుంటుంది.

నురుగు పొంగి గొట్టంలోకి వచ్చేస్తోంది

సబ్బు మిగిలింది. ముఖ్యంగా మరల్లో, కుళాయిలో. విప్పగలిగినవన్నీ విప్పి వేడినీళ్ళతో కడగండి. సబ్బు లేదని తేలినా పొంగుతోందంటే పాత్ర మరీ నిండుగా పోస్తున్నారు, లేదా మంట ఎక్కువ. కొన్ని ఆకులు వాటంతట అవే నురగ కడతాయి, వాటికి పైన ఖాళీ ఎక్కువ వదలాలి.

తెల్లగుడ్డతో తుడిస్తే నలుపు, నీళ్ళకు లోహపు రుచి

పాలిష్ మసి. పాత్ర అమ్మేముందు మెరుగు పెట్టించి ఉంటారు. వంటనూనె రాసి తుడిచి, పైన చెప్పిన సోడా నీళ్ళతో కడిగితే వదులుతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చేయాల్సిందే.

తుప్పు చుక్కలు

పైపైన ఉన్నవైతే నిమ్మ ఉప్పు ముద్ద రాసి అరగంటలో తుడిచేయొచ్చు. ఆ ఆమ్లం గోడమీది ఇనప రజనును కరిగించి, స్టీలుకు రక్షణగా ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర మళ్ళీ సరిగ్గా ఏర్పడేలా చేస్తుంది. చుక్క పోయాక సూదిమొన తగిలి ఆగే గుంట కనిపిస్తే మాత్రం లోపలికి తినేసినట్టే, ఆ పాత్రతో ఎక్కువ కాలం గడవదు. అయస్కాంతం పట్టుకు తిరిగేవాళ్ళకు ఒక మాట: 304 రకం స్టీలుకూ, మాంగనీసు ఎక్కువుండే చవక 200 రకానికీ రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు. దానితో మంచీ చెడూ తేలదు.

ఇంద్రధనుస్సు రంగులు, అడుగున తెల్ల మచ్చలు

రంగులు వేడికి వచ్చినవి, హాని లేదు. మచ్చలు నీళ్ళలోని సున్నం, నిమ్మ ఉప్పుతో పోతాయి. ఈ రెండింటి కోసం పాత్ర తిరిగిచ్చేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

అరుదైనవి

దిగిన నీళ్ళలో పచ్చ ఛాయ ఉంటే రాగిచుట్టలో, అంటే ఆవిరి చల్లబడే రాగి గొట్టంలో చిలుము, నిమ్మ ఉప్పు నీళ్ళు పోనిచ్చి కడగండి. పాత రేడియేటరు గొట్టాలు, సీసం కలిసిన టంకంతో అతికినవి, జింకు పూత అమరికలు కనబడితే శుభ్రం చేయడం గురించి ఆలోచించకండి, మార్చేయండి. మాడు వాసన పాత్రది కాదు, ఆకులు అడుక్కి తగిలి మాడుతున్నాయి, కింద జల్లెడ పెట్టండి.

ఉత్త నీళ్ళ పరీక్షలో ఏమీ తేలలేదు, అయినా పూలనీళ్ళు ఉడికిన ఆకుకూరలా వాసనేస్తున్నాయంటారా? అప్పుడే దించిన నీళ్ళకు ఆ ఉడుకు వాసన ఉండటం సహజం. గాజు సీసాలో, చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచితే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తెల్లగా మబ్బుగా ఉన్నా భయం లేదు, సన్నటి నూనె బిందువులు తేలుతున్నాయి. దాన్ని చూసి మళ్ళీ పాత్ర తోమడం మొదలుపెట్టకండి.