లాంటానా కంప: కొట్టినకొద్దీ ఎందుకు పెరుగుతోంది?

బెంగళూరు శివార్లలో కనకపుర రోడ్డు దాటి లోపలికి వెళ్తే మేం నలుగురం కలిసి కొనుక్కున్న ఎకరంన్నర తోపు ఉంది. కానుగలు, నేరేళ్లు, నాలుగు వేపలు, నడుమ ఒక ముసలి మర్రి. కొన్న కొత్తలో ఆ మర్రి మొదలు కనబడేదే కాదు, మనిషెత్తు లాంటానా అనే ముళ్లపొద కమ్మేసింది. మొదటి ఏడాది మేం చేసిన ప్రతి పనీ దాన్ని ఇంకా బలిపించింది. బన్నేరుఘట్ట చుట్టుపక్కల పొలాలు తీసుకున్న మనవాళ్లు కూడా అవే తప్పులు చేస్తున్నారు కాబట్టి, ఏది కనబడితే ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ముందు: అది లాంటానాయేనా?

తోపులో ముళ్లున్నదల్లా శత్రువు కాదు. రేగు, పరికి కంప, కలివి పొదలు ఇక్కడివే. వాటి పండ్లు తిని బతికే పిట్టలు చాలా ఉన్నాయి. మా మొదటి కూలీ గుంపు ఒక్క పూటలో మూడు కలివి పొదలు కొట్టేసింది, నేను ఫోన్‌లో మాట్లాడుతూ చూడలేదు. లాంటానా కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా వేలికి తెలుస్తుంది. ముళ్లు చిన్నవి, వెనక్కి వంగి ఉంటాయి. ఆకు గరుకు, నలిపితే ఘాటు వాసన. పూగుత్తి లోపల పసుపు, అంచున ఎరుపో గులాబీయో. పండిన కాయ నల్లగా నిగనిగలాడుతుంది. కొట్టాల్సినదానికి కాదు, ఉంచాల్సినదానికి ముందే ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టండి.

నరికిన నెలకే రెట్టింపు చిగుళ్లు వస్తున్నాయి

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మచ్చుకత్తితో నేలమట్టానికి నరికించాం, ట్రాక్టర్ కంప తోలించాం, ఫొటోలు తీసుకున్నాం. రెండు వానలు పడ్డాయి. ఒక్కో మోడు నుంచి పది పన్నెండు పిలకలు లేచాయి. ముళబాగిలు నుంచి వచ్చిన మేస్త్రి చూసి నవ్వాడు: "ఏం సార్, క్షవరం చేసి వదిలిపెట్టినారా? పీక కొయ్యాల గదా!"

ఆ పీక నేల కింద ఉంది. వేరూ కాండమూ కలిసేచోట ముడిలా ఉబ్బి ఉంటుంది, పిలకలన్నీ దాన్నుంచే పుడతాయి. పైన ఎంత నరికితే అంత ఉత్సాహం దానికి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అడవిలో పనిచేసి తేల్చిన పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది: పిలకలు వేసే ఆ భాగానికి కింద తల్లివేరును తెగ్గొట్టాలి. పెద్ద గుంత తవ్వే పని లేదు. తవ్వితే నష్టం కూడా, కదిలించిన మట్టిలో నిద్రపోతున్న గింజలు లేస్తాయి.

మేం చేసేది ఇలా. ఇద్దరు కావాలి. ఒకరు పంగలకర్రతో పొద అంచును పైకెత్తి పట్టుకుంటారు, ఇంకొకరు వంగి మొదలు దగ్గరికి చేరి గుద్దలితో చుట్టూ మట్టి కొంచెం లాగుతారు. ముడి కనబడగానే దాని కింద ఏటవాలుగా రెండు దెబ్బలు. సరైన చోట తగిలితే చప్పుడే మారుతుంది, పొద మొత్తం ఒక్కసారి వదులై పక్కకు ఒరుగుతుంది. ముడి పైకి రాకుండా కాండం విరిగొచ్చిందంటే పని కాలేదన్నమాట, మళ్లీ దిగాల్సిందే.

మే నెల జల్లులు పడి నేల మెత్తబడ్డాక మొదలుపెట్టండి. మార్చిలో మా ఎర్రనేల మీద గుద్దలి గణగణమంటుంది, కూలీలు మరుసటిరోజు రారు. కాయలు నల్లబడకముందే పీకగలిగితే ఇంకా మేలు. పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో నాలుగు తట్టండి. పాములు ఉంటాయి, ఒక్కోసారి గువ్వల గూళ్లూ ఉంటాయి. గూడుంటే ఆ పొదను ఒక నెల వదిలెయ్యండి, కొంప మునగదు.

పీకి పడేసిన కంపే మళ్లీ చిగురించింది

తడి నేలమీద పడుకోబెట్టిన కొమ్మ కణుపుల దగ్గర వేళ్లు దింపుతుంది. వానాకాలంలో గట్టు మీదికి లాగి పారేశామంటే గట్టు పొడవునా నాటినట్టే. పీకిన పొదను తలకిందులుగా నిలబెట్టండి, వేళ్లు ఆకాశంవైపు ఉండాలి. ఆకు రాలి పుల్ల పెళపెళలాడేదాకా అలాగే ఎండనివ్వండి.

ఎండిన పుల్ల పొయ్యికి పనికొస్తుంది. గట్టి కాడలైతే ఇంకా మంచి దారి ఉంది: మలె మహదేశ్వర కొండల దగ్గర సోలిగ గిరిజనులు వాటిని ఉడకబెట్టి, చెక్కు తీసి, కుర్చీలూ సోఫాలూ అల్లుతున్నారు.

చెట్ల కింద మాత్రమే గుంపుగా మొలకలు

కారణం కింద లేదు, పైన కొమ్మమీద కూర్చుంది. పిగిలిపిట్టలు, గోరింకలు కాయలు తిని, మర్రి కొమ్మల మీద కూర్చుని రెట్ట వేస్తాయి. తోపంతా సమానంగా వెతకడం దండగ. పిట్టలు వాలే పెద్ద చెట్ల కిందా, కంచె తీగల కిందా వెతికితే చాలు. వాన కురిసిన మర్నాడు జానెడు మొక్క రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేస్తుంది. ఆగస్టులో ఒకసారి, వానలు వెనకబట్టే నవంబరులో ఇంకోసారి తిరగండి. మూడేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. మా మర్రి కింద మొదటిసారి గోనెసంచి నిండింది, నిరుడు ఒక దోసెడు.

లాంటానా పోయింది, వయ్యారిభామ వచ్చింది

నీడ పోయి నేల బోడిగా మిగిలితే ఎవరో ఒకరు కూర్చుంటారు. ఖాళీ చేసినంతమేర అదే వానలో ఏదో ఒకటి చల్లాలి. మేం ఉలవలు చల్లాం, సెప్టెంబరులో. ఉలవ తీగ నేలను కప్పేసింది, మట్టికి నత్రజని దొరికింది, మేస్త్రి ఇంట్లో ఉలవచారూ కాగింది. ఉలవల సందున అంజన్ గడ్డి గింజ చల్లితే మరుసటి ఏడాదికి గడ్డి నిలబడుతుంది. అందుకే తోపంతా ఒకేసారి బోడి చెయ్యొద్దంటాను. ఎంత కప్పగలరో అంతే పీకండి. పొదల్లో దాక్కునే కుందేళ్లకూ అంతలో వేరే చోటు దొరుకుతుంది.

వయ్యారిభామ ఆకు జల్లెడలా చిల్లులు పడి కనబడితే మందు కొట్టకండి. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులోనే వదిలారు, అది ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది. లాంటానా మీదికీ 1921 నుంచి విదేశీ పురుగుల్ని తెచ్చి వదిలారు గానీ, పొదలు లెక్కచెయ్యలేదు.

నిప్పు పెడితే?

వద్దు. పచ్చిగా ఉన్నా మండుతుంది, మంటను కొమ్మలదాకా ఎక్కిస్తుంది. చెట్టు చస్తుంది, నేలలోని ముడి చావదు, తొలకరికి పిలకలేస్తుంది.

గ్లైఫోసేట్ అనే కలుపుమందు సంగతి: 2022లో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట అలా ఉంచి, తోపులో ఆకులమీద పిచికారీ చేస్తే కింద మొలిచిన నేరేడు పిల్లలూ పోతాయి.

ఆవు ముట్టె మీద పుండ్లు, కళ్లు పచ్చబడ్డాయి

గడ్డి దొరక్క లాంటానా ఆకు తినుంటుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆపైన ఎండ తగిలితే చర్మం పుండవుతుంది. నీడలో కట్టేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. ఇంటి వైద్యం పనిచెయ్యదు.

కంచె అవతలి కంప

మీ కంచె అవతల అటవీ భూమి ఉంటే, కంప మీదికి ఒరిగినా సరే, గుద్దలి పట్టుకుని దాటొద్దు. రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి. బన్నేరుఘట్ట వైపైతే ఆ పొదల వెనక ఏనుగు నిలబడినా బయటికి కనబడదు. పక్క రైతుదైతే లెక్క వేరు. మా పక్కాయన లాంటానానే కంచెగా పెంచుకున్నాడు, తీసెయ్యమంటే మేకలు పడతాయన్నాడు. చివరికి ఆ వైపు ముళ్లతీగ ఖర్చు మేం పెట్టుకున్నాం, పీకే కూలి ఆయన ఇచ్చాడు.