పిట్ట కనబడని చోటు కూడా రాయండి

పక్షుల లెక్క తీసి మ్యాపు మీదకి ఎక్కిస్తున్న విద్యార్థులకు ఒక మాట. పది నిమిషాలు నిలబడ్డా ఒక్క పిట్టా కనబడకపోతే ఊరికే వచ్చేయకండి, అక్కడ సున్నా అని రాయండి. లేకపోతే మ్యాపులో ఖాళీగా ఉన్న చోట పక్షులే లేవో, అటు ఎవరూ వెళ్లలేదో తర్వాత తేల్చలేం. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అని అడిగేది కూడా ఇలాంటి లెక్క కోసమే.

ఇంకోటి, జీపీఎస్ అంకెల్ని కుదించొద్దు. అక్షాంశంలో మూడో దశాంశ అంకె ఒకటి మారితే చుక్క దాదాపు 111 మీటర్లు జరుగుతుంది. గట్టున కూర్చున్న లకుముకిపిట్ట మ్యాపులో చెరువు అవతల తేలుతుంది! దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు ఉంచండి. గూళ్ల చోటు మాత్రం దయచేసి అందరికీ కనబడేలా పెట్టకండి.