కలిసి గీసే తెరలు – 4వ పాఠం: అందరిదీ అయిన బటన్

గత పాఠంలో ఫిగ్మాలో (యాప్‌ల, వెబ్‌సైట్ల తెరలను పలువురు కలిసి గీసే సాధనం) లాగిన్ తెర గీసి, దాని లింకును మిత్రులకు పంపి, మార్పులు చేసే అనుమతి కూడా ఇచ్చాం. ఇప్పుడు ఆ ఫైలులో ముగ్గురి కర్సర్లు పేర్లతో సహా తిరుగుతున్నాయి. ముగ్గురూ తలో తెర గీస్తే బటన్ కూడా మూడు రకాలుగా తయారవుతుంది. ఒకరి నీలం ముదురు, ఇంకొకరిది లేత. దీన్ని ఈ రోజే సరిచేద్దాం.

T నొక్కి ఒక మాట టైపు చేయండి. చాలామంది ఇక్కడ అలవాటుగా ‘సబ్మిట్’ అని ఇంగ్లీషులో రాసి, తెలుగు సంగతి చివర్లో చూద్దామనుకుంటారు. అలా వద్దు. మొదటే ‘సమర్పించండి’ అని రాయండి, ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు ఎంచుకోండి. ఇంగ్లీషు మాటకు సరిపోయిన వెడల్పు తెలుగు మాటకు చాలదు. ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి: ఒత్తులు ఎంత కిందికి దిగుతాయో తెలుస్తుంది. లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 150 శాతం దగ్గర మొదలుపెట్టి, కంటికి ఊపిరాడేలా ఉందనిపించేవరకు సర్దండి. ఒత్తు తెగిన అక్షరాన్ని పాఠకుడు పోల్చుకోలేడు. తెలుగు తెరల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టే లోపం ఇదే.

ఇప్పుడు ఆ మాటను ఎంచుకుని షిఫ్ట్, A కలిపి నొక్కండి. ఆటో లేఅవుట్ వస్తుంది. పక్కల 16, పైనా కిందా 12 పిక్సెళ్ల చొప్పున ఖాళీ ఇచ్చి, రంగు నింపండి. మాట మార్చి చూస్తే బటన్ దానంతటదే సాగుతుంది, కుదించుకుంటుంది. తర్వాత కంట్రోల్, ఆల్ట్, K కలిపి నొక్కండి (మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, K). బటన్ కాంపోనెంట్ అయింది. ఇది మూలం. దీన్ని కాపీ చేసి ఏ తెరలో పెట్టినా అది ఇన్‌స్టాన్స్ అవుతుంది. మూలం రంగు మారిస్తే, మీరు విడిగా రంగు మార్చని ఇన్‌స్టాన్సులన్నీ మారతాయి. కానీ ఒక ఇన్‌స్టాన్స్‌లో మీరు ‘రద్దు చేయండి’ అని రాసుకుంటే ఆ మాట అలాగే నిలుస్తుంది.

ఇద్దరూ ఒకేసారి ఒకే బటన్‌ను పట్టుకుంటే? ఒకరు రంగు, మరొకరు వెడల్పు మారిస్తే రెండూ నిలుస్తాయి. ఇద్దరూ రంగే మారిస్తే సర్వరుకు చివరగా చేరినది మిగులుతుంది. అందుకే మూలాన్ని చెప్పకుండా ముట్టుకోకూడదు. ఒకసారి మా బృందంలో ఒకరు తన తెర కోసం మూలం అంచులు గుండ్రంగా చేశారు. ఇతరుల తెరలన్నీ మారిపోయాయి, కారణం వెతకడానికి ఒక మధ్యాహ్నం పోయింది. వెర్షన్ హిస్టరీ (ఫైలు పాత రూపాల జాబితా) తెరిచాక గానీ దొరకలేదు. మూలం మార్చాలనుకుంటే ముందు C నొక్కి దాని మీద వ్యాఖ్య పెట్టండి, @ గుర్తుతో సహచరుల్ని పిలవండి, జవాబు వచ్చాకే చేయి వేయండి.

అభ్యాసం: ‘సరే’, ‘రద్దు చేయండి’, ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అనే మూడు మాటలతో మూడు ఇన్‌స్టాన్సులు పెట్టండి. ఎక్కడా ఒత్తు అంచును తాకకూడదు. వచ్చే పాఠంలో ఇదే బటన్‌కు నొక్కినప్పటి రూపం, పనిచేయనప్పటి రూపం చేర్చుదాం.